హవల్దార్ యాకూబ్ వయసు

1952వ సంవత్సరం, వానాకాలం. నేను ఆదిలాబాదులో ఒక హైదరాబాదు దినపత్రికకు స్ట్రింగరుగా చేరి అప్పటికి రెండేళ్లు. స్ట్రింగరు అంటే నెల జీతం లేకుండా, ఊళ్లో వేరే పని చూసుకుంటూ వార్తలు పంపే విలేఖరి. పొద్దున ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఉర్దూ చెప్పేవాణ్ని. మధ్యాహ్నం నుంచి కచేరీల చుట్టూ తిరిగి, పోగైన వార్తలను లిఫాఫాలో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాణ్ని. మా భాషలో దాన్ని కవర్ అంటాం. అది హైదరాబాదు చేరి, అచ్చయి, పత్రికగా మళ్లీ మా ఊరు వచ్చేసరికి మూడో రోజు. ఆ మూడు రోజులూ నేను రాసింది ఒప్పా తప్పా అని ఆలోచించే అలవాటు నాకు ఇంకా రాలేదు. ఇరవై ఆరేళ్ల వయసు. పేజీ మీద నా వార్త కనబడితే చాలు, ఆ సంబరంలో ఆ రోజు అన్నం కూడా గుర్తొచ్చేది కాదు.

నిజాం సైన్యంలోని పల్టన్లను అప్పుడే రద్దు చేశారు. పదేళ్లు, పన్నెండేళ్లు తుపాకీ మోసిన వాళ్లు చేతిలో ఒక డిశ్చార్జి కాగితంతో ఊళ్లకు తిరిగి వచ్చారు. మా జిల్లాలో అడవి కాపలా గార్డు పోస్టులు కొన్ని పడ్డాయి. వాటిలో రెండు ఇలాంటి మాజీ సిపాయిలకు కేటాయించారు. వయసు ఇరవై ఐదు దాటకూడదని నిబంధన. సిపాయిలకు మాత్రం సైన్యంలో గడిపిన ఏళ్లను వయసులోంచి తీసేసి, మిగిలినది ఇరవై ఐదులోపు ఉందా అని చూసేవారు. వాళ్లు ఆ ఏళ్లలో వేరే కొలువుకు దరఖాస్తు పెట్టుకోలేకపోయారు కాబట్టి ఈ సడలింపు.

ఒకరోజు బడి వదిలే వేళకు రాజేశం అనే కుర్రాడు వచ్చాడు. ఆసిఫాబాద్ వైపు రైతు కుటుంబం, మెట్రిక్ పాసయ్యాడు. ఆ పోస్టుల ఎంపిక జాబితాలో అతనిది వెయిటింగ్ మొదటి పేరు, అంటే ఎంపికైన వాళ్లలో ఎవరైనా తప్పుకుంటే కొలువు అతనికి వస్తుంది. చేతిలో ఇంగ్లీషులో టైపు చేసిన ఒక కాగితం ఉంది.

"అన్నా, జర గిది సూడుండ్రి. నలభై ఏండ్ల మనిషిని తీసుకున్నరు. పన్నెండేండ్లు తీసేసినా ఇరవై ఎనిమిది అయితది. మాకైతే నెల దాటినా ఒద్దంటరు. ఇదేం ఇన్సాఫ్?"

కాగితంలో రెండు పేర్లు. గంగారాం, పుట్టినది 1920. హవల్దార్ యాకూబ్ అలీ, పుట్టినది 1912. లెక్క చూస్తే రాజేశం చెప్పింది అక్షరాలా నిజం. ఆఫీసుకు వెళ్లి గుమస్తాను ఒకే ఒక ప్రశ్న అడిగాను. "ఈ పట్టిక మీదేనా?" ఆయన చూసి, "మాదేనండీ" అన్నాడు. ఇంక నాకేం కావాలి? ఆ సాయంత్రమే పన్నెండు వాక్యాల కవర్ పంపాను. యాకూబ్ అలీ ఎవరో, ఎక్కడుంటాడో, ఆయన ఏమంటాడో అడగలేదు. ఎవరి మీద రాస్తున్నామో ఆ మనిషి మాటను పత్రికల్లో వెర్షన్ అంటారు. ఆ మాట నాకు తెలుసు. దాన్ని తీసుకోవడానికి ఒక పూట పడుతుందని కూడా తెలుసు. నా దగ్గర పూట ఉంది. ఓపిక లేదు.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. నిజాం పల్టన్ మనిషి, ఆ పేరు గల మనిషి, అడ్డదారిన కొలువు సంపాదించాడంటే పోలీసు చర్య జరిగిన నాలుగేళ్లకు మా ఊళ్లో ఎవరూ రెండోసారి ఆలోచించేవాళ్లు కాదు. నేనూ ఆలోచించలేదు.

హైదరాబాదులోని డెస్క్ వాళ్లు, అంటే మా వార్తలను దిద్దే ఉపసంపాదకులు, దానికి పెద్ద శీర్షిక పెట్టారు. 'నలభై ఏళ్ల వారికి కొలువులు, నవయువకులకు నిరాశ.' పత్రిక వచ్చిన మర్నాడే ఆఫీసరు యాకూబ్ ఎంపికను ఆపి, సోమవారం నుంచి రాజేశాన్ని తీసుకోవాలని ఉత్తర్వు తయారు చేయించాడు. నా వార్తకు ఉత్తర్వు కదిలిందని తెలిసి నేను పొంగిపోయాను. అది గురువారం.

శనివారం పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే వాకిట్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, నిటారుగా ఉన్నాడు. వానకు తడిసిన ఖాకీ చొక్కాకు గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. చేతిలో నా వార్త కత్తిరింపు.

"పేపర్ సాబ్ మీరేనా?"

"నేనే. మీరు?"

"మీరు రాసిన ముసలోన్ని."

ఆయనను లోపలికి పిలిచాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"సాబ్, కట్టెల డిపోల పని చేస్తున్న నేను, దుంగలు మోసే పని. సోమవారం సర్కారు కొలువుల చేరుతనని మున్షీకి చెప్పిన, నా జాగల ఇంకోన్ని పెట్టుకున్నడు. గిప్పుడు గదీ లేదు, ఇదీ లేదు. గంతల మీ కాగితం వచ్చింది. మున్షీ దాన్ని డిపో గోడకు అంటిచ్చిండు. హమాలీలు నన్ను తాతా అంటున్రు. నిన్న ఒకడు బీడీ ఇచ్చి, దమ్ము ఆగుతదా తాతా అని అడిగిండు."

"మీరు 1912లో పుట్టినట్టు ఆఫీసు కాగితంలో ఉంది కదా" అన్నాను.

"ఉన్నదట. నేనూ విన్న. సాబ్, మా ఆపా నన్ను చంకల ఏసుకొని పెంచింది. నాకన్న ఏడేండ్లు పెద్దది. మీ లెక్క చూస్తే నేనే ఆమెను ఎత్తుకొని తిరిగినట్టయితది. మొన్న చెప్తే పడి పడి నవ్వింది. నా పెండ్లాం మాత్రం నవ్వలే."

అప్పుడు చొక్కా లోపలి నుంచి మైనపు గుడ్డలో చుట్టిన ఒక కాగితం తీశాడు. పల్టన్‌లో చేరిన రోజు రాసిన భర్తీ పత్రం, ఉర్దూలో. పేరు, తండ్రి పేరు, ఊరు, కొలతలు, పుట్టిన తేదీ. బడిలో రోజూ ఉర్దూ చెప్పే నేను ఆ వరుసను చదవడానికి ఎంతసేపు పడుతుంది?

ఆబాన్ నెల, 1330.

ఇప్పటి పాఠకులకు ఇది కొంచెం విప్పి చెప్పాలి. నిజాం రాజ్యంలో కాగితాల మీద రెండు రకాల సంవత్సరాలు కనబడేవి. ఒకటి హిజ్రీ, ముస్లిముల పండుగలకూ మత వ్యవహారాలకూ వాడేది. రెండోది ఫసలీ, పంటలను బట్టి ఏర్పడింది. సర్కారు పని అంతా, శిస్తు నుంచి జీతాల దాకా, ఫసలీలోనే నడిచేది. అది అందరికీ ఒకటే. రెండింటికీ మధ్య ఆ కాలంలో తొమ్మిది, పదేళ్ల తేడా. హిజ్రీ 1330 అంటే 1912. ఫసలీ 1330 అంటే, ఆ ఏడాది చివరి నెలయిన ఆబాన్‌లో, 1921. హిజ్రీలో ఆబాన్ అనే నెలే లేదు. అవి మొహర్రం, రంజాన్ లాంటి పేర్లు. ఆబాన్, ఖుర్దాద్, అమర్దాద్, ఇవన్నీ ఫసలీ నెలలు. నాలుగేళ్ల కిందటి దాకా నా బడి జీతం రసీదుల మీద నేనే రాసిన పేర్లు.

"భాయ్, మీకు ముప్ఫై ఏళ్లు" అన్నాను.

"నాకెరికనే సాబ్. మీకే ఎరికలేదు."

ఆఫీసు శనివారం ఒక్కపూటే. బడికి సెలవు కబురు పంపి, ఇద్దరం సైకిలు మీద బయలుదేరాం. ఆయన తొక్కుతానంటే నేను వెనక కూర్చున్నాను. ఎదురుగాలిలో, జారే బురదలో ఆయన తొక్కిన వేగానికి నా వెన్నులోని పూసలన్నీ లెక్కకు వచ్చాయి. 1912లో పుట్టిన మనిషి తొక్కే తొక్కుడు కాదది. దారిలో ఆయన ఒక మాట అన్నాడు. అది నన్ను ఆఫీసు చేరేదాకా కుదురుగా కూర్చోనివ్వలేదు.

"గంగారాం నా జోడీ సాబ్. ఇద్దరం ఒక్కటే దినం భర్తీ అయినం. ఆయన నాకన్న ఏడాది పెద్దోడు. ఆయనకైతే ఏ పరేషానీ లేదు."

పట్టికలో గంగారాం 1920. యాకూబ్ 1912. ఏడాది పెద్దవాడు ఎనిమిదేళ్లు చిన్నవాడెలా అయ్యాడు? ఆ రెండు అంకెలు పైనా కిందా ఉన్న కాగితం ఐదారు రోజులుగా నా జేబులోనే ఉంది.

గుమస్తా పేరు విశ్వనాథం అనుకుందాం. మద్రాసు రాష్ట్రం నుంచి డెప్యుటేషన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, వచ్చిన మనిషి. నెమ్మదస్తుడు, పని రాక్షసుడు. ఉర్దూ అంకెలు నేర్చుకోవడానికి రాత్రిళ్లు పలక పట్టేవాడని చెప్పుకునేవారు. నేను రెండు ఫైళ్లు చూపించమని అడిగాను. ఆయనకు దాచేదేమీ లేదు, తెచ్చి పరిచాడు.

గంగారాం భర్తీ పత్రం: ఖుర్దాద్ నెల, 1329. అంచున పెన్సిలుతో 1920 అని లెక్క. యాకూబ్ పత్రం నకలు: ఆబాన్, 1330. అంచున అదే పెన్సిలుతో 1912.

"విశ్వనాథం గారూ, ఈ 1920 ఎలా వచ్చింది?"

"ఫసలీ కదండీ. ఐదు వందల తొంభై, తొంభై ఒకటి కలపాలి. నెలను బట్టి."

"మరి ఈ 1912?"

"అది హిజ్రీ అండీ. దానికి కూడిక పనికిరాదు, పట్టిక చూడాలి." సొరుగులోంచి పంచాంగం లాంటి ఒక పుస్తకం తీశాడు. హిజ్రీ సంవత్సరాల పట్టిక. దాని కోసం హైదరాబాదుకు మనిషిని పంపి తెప్పించుకున్నాడట.

"ఇది హిజ్రీ అని, అది ఫసలీ అని ఎలా తెలిసింది?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "పేర్లు ఉన్నాయి కదండీ. వీరు గంగారాం గారు. వారు యాకూబ్ అలీ గారు. ఎవరి సంవత్సరం వారికి వెయ్యాలి కదా. మావాళ్లు కొందరైతే అందరికీ ఒకటే కొట్టేస్తున్నారు. నేను అలా చెయ్యలేదు."

ఆ మనిషిలో ఇసుమంత ద్వేషం లేదు. శ్రద్ధ ఎక్కువై, పుస్తకం తెప్పించుకుని మరీ చేసిన లెక్క. కూడిక తప్పలేదు, పట్టిక తప్పలేదు. ఏ పట్టిక తియ్యాలో పేరు చూసి నిర్ణయించాడు, అంతే.

యాకూబ్ బల్ల దగ్గరికి వచ్చాడు. "సాబ్, పల్టన్‌ల మాకు ఒక్కటే తీరు చెప్పులు, ఒక్కటే తీరు రొట్టె. కాగితంల ఏసే సాలు, సంవత్సరం గుడ ఒక్కటే ఉండె."

విశ్వనాథం రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని నెలల పేర్లు వేలితో తడుముతూ కూర్చున్నాడు. తరువాత లేచి, రెండు ఫైళ్లూ తానే పట్టుకుని ఆఫీసరు గదిలోకి నడిచాడు. తప్పు తనదని ముందుగా చెప్పింది ఆయనే. ఇది నేను కళ్లారా చూశాను.

ఆఫీసరు కూడా మద్రాసు వైపు నుంచే వచ్చినవాడు. మొత్తం విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీరు పత్రికలో రాశారు. నేను ఉత్తర్వు రాశాను. ఇప్పుడు మీరే వచ్చి అది తప్పంటున్నారు. ఇంకో నాలుగు రోజులకు మరొకరు వచ్చి ఇదీ తప్పంటే? ఆబాన్ అనేది ఫసలీ నెలేనని నాకు రుజువేమిటి? మీ మాటా? ఆయన మాటా?"

న్యాయమైన ప్రశ్నే. పాత గెజిట్లు తాలూకా కచేరీలో ఉంటాయి, వెళ్లి వెతికించేలోపు దానికీ తాళం పడుతుంది. సోమవారం పొద్దున రాజేశం చేరిపోతే అతన్ని తీసేయడం ఇంకా పెద్ద తగువు. గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. ఒంటిగంటకు ఆఫీసు మూసేస్తారు. నేను గది నాలుగు మూలలా చూశాను, ఎక్కడైనా పాత క్యాలెండరు వేలాడుతుందేమోనని.

యాకూబ్ కిటికీ వైపు చూస్తున్నాడు. "సాబ్, మీ వరండాల ఉన్నది గదా."

"ఏముంది?"

"రాయి. నేను ఇంటర్వ్యూకు వచ్చిన్నాడు గంటసేపు దాని ముంగటనే నిలబెట్టిన్రు. చదువుకుంట నిలబడ్డ."

అందరం వరండాలోకి వెళ్లాం. గోడకు ఆనించిన సైకిళ్ల వెనక, సున్నం చారల కింద, ఆ కట్టడం ప్రారంభించినప్పుడు పెట్టిన రాయి. ప్యూన్లు సైకిళ్లు లాగారు. యాకూబ్ తడి చేతి రుమాలుతో తుడిచి, పరేడులో హాజరు పిలిచినట్టు పైకి చదివాడు. ఉర్దూలో మూడు వరుసలు. చివరి వరుస, ఆబాన్, 1346 ఫసలీ. దాని కిందే ఇంగ్లీషు అంకెల్లో 1937.

ఆఫీసరు అరచేతి మీద వేలితో రాసుకుంటూ లెక్క కట్టాడు. "నలభై ఆరులోంచి ముప్ఫై. పదహారు. ముప్ఫై ఏడులోంచి పదహారు... ఇరవై ఒకటి." ఇంకోసారి కట్టాడు. "ఇరవై ఒకటి." ఆ రాయి పక్కనుంచే ఆయన ఏడాదిన్నరగా రోజూ లోపలికి వెళ్తున్నాడు. నేను రెండేళ్లుగా దానికే నా సైకిలు ఆనిస్తున్నాను.

ఆఫీసరు అక్కడే నిలబడి, "విశ్వనాథం గారూ, ఆ ఉత్తర్వు పట్రండి" అన్నాడు. దాన్ని కొట్టివేసి, కొత్తది టైపు చేయించి, ఒంటిగంటకు అయిదు నిమిషాలు ఉండగా సంతకం పెట్టాడు. యాకూబ్ కాగితం అందుకుని, మడమలు కలిపి సెల్యూట్ చేశాడు. ఆఫీసరు ఏం చెయ్యాలో తెలియక నమస్కారం పెట్టాడు.

కథ అక్కడ ఆగితే నాకు బాగుండేది. గేటు దగ్గర రాజేశం ఎదురయ్యాడు. సోమవారం ఎన్ని గంటలకు రావాలో కనుక్కుందామని కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. నేనే చెప్పాను.

"మంచిగుంది అన్నా. మీ కలంతోని ఇచ్చిన్రు, మీ సైకిల్ మీద వచ్చి గుంజుకున్నరు."

అతను యాకూబ్ వైపు తిరిగాడు. "పన్నెండేండ్లు ఒక నౌకరి చేసినవ్. మల్ల ఇదీ నీకే. మేం ఒక్కటన్న చెయ్యొద్దా?"

"చెయ్యాలె తమ్మీ" అన్నాడు యాకూబ్. "నేను పల్టన్‌ల ఉన్నప్పుడు నా ఈడు పోరగాండ్లు ఇక్కడ చదువుకున్నరు, కొలువులు ఎక్కిన్రు. నాకు గప్పుడు దరఖాస్తు పెట్టే మోఖ లేదు. గప్పుడు పోయిన జాగ ఇప్పుడు అడుగుతున్న. నీది తీసుకుంటలేను."

"నాకైతే నాదే పోయినట్టుంది."

"అట్లనే ఉంటది" అన్నాడు యాకూబ్. వాదించలేదు. జేబులోంచి బీడీ తీసి అతనికి ఇవ్వబోయి, కుర్రాడి ముఖం చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. రాజేశానికి ఆ కొలువు దక్కలేదు. మరుసటి ఏడు బడిపంతులుగా కుదిరాడు. నాతో మాత్రం చాలాకాలం మాట్లాడలేదు. అతని కోపంలో సగం న్యాయం. తప్పుడు కాగితం మీద ఆశ పెంచింది నేను.

ఆ సాయంత్రమే సవరణ రాసి కవర్ వేశాను. నా తప్పు నాదేనని రాశాను. మొదటి వార్త వచ్చిన పేజీలోనే, అంత పెద్ద శీర్షికతోనే వెయ్యమని డెస్క్‌కు ఉత్తరం పెట్టాను. లోపలి పేజీలో అడుగున నాలుగు వాక్యాలు వేశారు, శీర్షిక 'వివరణ' అని. యాకూబ్ దాన్ని కత్తిరించి డిపో గోడ మీద పాత కత్తిరింపు కింద అంటించి వచ్చాడట. "పాతది రొట్టెంత, గిది గోరంత" అన్నాడు నాతో. "అయితేంది, హమాలీలు తాతా అనుడు బందు పెట్టిన్రు. ఇప్పుడు బచ్చా అంటున్రు."

అప్పటి నుంచి రెండు అలవాట్లు చేసుకున్నాను. ఎంత తొందర ఉన్నా టైపు చేసిన నకలు చూసి రాయను, అసలు కాగితం అడుగుతాను. రెండోది కొంచెం విచిత్రమైనది, జూనియర్లు చూసి నవ్వేవారు. ఎవరి మీదనైనా ఫిర్యాదు వస్తే, పేరు ఉన్న చోట బొటనవేలు పెట్టి మిగతాది చదువుతాను. అంతా చదివాక, ఇది ఎవరి మీద వచ్చినా నమ్ముతానా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాకే వేలు తీస్తాను.

ఆరేడేళ్ల తరువాత, ఆంధ్రప్రదేశ్ వచ్చాక, ఒక ఫిర్యాదు వచ్చింది. ఒక అడవి గార్డు టేకు దుంగల బండ్లను చూసీచూడనట్టు వదులుతున్నాడని. బొటనవేలు పెట్టి చదివాను. నమ్మదగ్గట్టే ఉంది. వేలు తీస్తే యాకూబ్ అలీ. కాగితాన్ని పక్కన పడేద్దామనిపించింది. అది కూడా పేరు చూసి చేసే పనే కదా. మర్నాడు బస్సెక్కి, బండ్లను తనిఖీ చేసే అడవి నాకా దగ్గర దిగాను. ఫిర్యాదు ఆయన ముందు పెట్టి, "భాయ్, దీనికి మీరేమంటారు?" అని అడిగాను.

ఆయన అంతా చదివాడు. జుట్టు అప్పటికి నెరవడం మొదలైంది. లోపలికి వెళ్లి బండ్లు రాసుకున్న రిజిస్టరు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఫిర్యాదులో చెప్పిన రోజున వచ్చిన బండ్లన్నీ అందులో ఉన్నాయి, పట్టుకున్నవీ వదిలినవీ, పర్మిట్ నంబర్లతో సహా. నేను ఒక్కొక్క వరుసా సరిచూస్తుంటే ఆయన చాయ్ పెట్టడానికి పొయ్యి ముట్టించాడు.

"తీరుబడిగ చూడు సాబ్" అన్నాడు, వీపు నావైపు పెట్టి, పుల్లలు విరుస్తూ. "ఈసారి రాయక ముందు వచ్చినవ్."